గోరువెచ్చని టీ

సకాకిబారా లెక్కలో కేసు అప్పటికే ముగిసిపోయింది. దొంగ వంటింట్లో కూర్చుని ఉంది. పోలీసులు వెళ్ళి వెంటబెట్టుకుపోవడమే తరువాయి.

"ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు సకాకిబారా, నగుమో వారింటి పెద్ద గది నడిమధ్య నిలబడి. "మిగతావాళ్ళంతా తోటకి అవతల టీ గదిలో ఉన్నారు. గిన్నె పోయింది ఇక్కడ. ఇందులో బుర్ర బద్దలుకొట్టుకోవాల్సింది ఏముంది?"

"ఏమీ లేకపోతే మీ కంపెనీ వాళ్ళు మిమ్మల్ని ఒసాకా నుంచి తెల్లవారుజాము రైలుకే ఎందుకు తరిమారు?" అంది కినుయే.

హోరియుచి కినుయే కురాసే పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్. యాభై దాటింది. మోకాళ్ళు రెండూ మొరాయించడం మొదలుపెట్టాయి కాబట్టి చాపలు పరిచిన ఇళ్ళలో నేరాలు జరగడం ఆమెకు బొత్తిగా గిట్టదు. సకాకిబారా ఆమెకన్నా పదేళ్ళు చిన్న. గిన్నెకు బీమా చేసిన కంపెనీ తరఫున వచ్చాడు. చురుకైన మనిషే, కాదనలేం. కానీ ఆ సంగతి అందరికన్నా ముందు ఆయనకే తెలుసు. చాపల అంచుకుండే నల్లటి పట్టీని తొక్కకూడదని చిన్నప్పుడు ఇంట్లో చెప్పే ఉంటారు గానీ, పొద్దుట నుంచి ఆయన దాని మీదే పచార్లు చేస్తున్నాడు.

పోయిన గిన్నె పేరు శిగురె. చలికాలం ముందు పడే సన్నటి చినుకుని ఆ పేరుతో పిలుస్తారు. నల్లటి గిన్నె మీద వాలుగా ఒక బూడిదరంగు చార ఉంటుందట. కోట దొరలు ఏ కాలంలోనో నగుమో వంశానికి ఇచ్చిన బహుమానం అది. ఏడాదంతా పెట్టెలో ఉండి, ఆకులు ఎర్రబడే ఈ నెలలో మాత్రం బయటికొస్తుంది. ఈ నెలలోనే ఇక్కడి సానిన్ తీరం వెంబడి బస్సులు బారులు తీరుతాయి. పొద్దున కోట, మధ్యాహ్నం గుడి, ఆ పైన పాతకాలపు యోధుల ఇళ్ళూ తోటలూ చూసుకుని జనం సాయంత్రానికి వేడినీటి బుగ్గలుండే ఊళ్ళకి చేరుకుంటారు.

నిన్న అలాంటి బస్సు ఒకటి కురాసేలో ఆగింది. అందులోంచి నలుగురు నగుమో వారింట్లో టీ తాగడానికి ముందే చెప్పి పెట్టుకున్నారు. ఇంటి యజమానురాలు తొమికో గారు తోటలోని టీ గదిలో తన చేత్తో టీ కలిపి ఇచ్చింది. తర్వాత వాళ్ళను గిన్నె చూపించడానికి పెద్ద గదికి తీసుకొచ్చింది. అందరూ గోడగూటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తల వంచి, మళ్ళీ ఎత్తి చూసేసరికి గూట్లో మడత పెట్టిన పట్టుగుడ్డ ఒక్కటే ఉంది. బస్సంతా వెతికారు, నలుగురి సంచులూ వెతికారు, ఇల్లూ వెతికారు. గిన్నె జాడ లేదు.

"కుగా గారితో రాత్రి ఫోన్లో మాట్లాడాను," అన్నాడు సకాకిబారా. కుగా మొతోహిరో కోట మ్యూజియం పెద్ద. బీమా కోసం ఆ గిన్నెను పరీక్షించి విలువ కట్టిందీ ఆయనే. "పాపం, మనిషి చాలా కుమిలిపోతున్నాడు. ఆయన కూడా ఒప్పుకున్నాడు, ఇది ఇంట్లో మనిషి పనేనని. సాయంత్రంలోగా మీరు ఆ పనిమనిషి చియోని అరెస్టు చెయ్యకపోతే నేను మీ పైవాళ్ళతో మాట్లాడుకోవాల్సి వస్తుంది. బెదిరిస్తున్నానని అనుకోకండి."

కినుయే అలా అనుకోలేదు. పైవాళ్ళు అప్పటికే మాట్లాడేశారు. సాయంత్రం లోపు తేల్చెయ్యమని పొద్దున్నే ఫోనొచ్చింది.

హమానో చియో వంటింట్లో, కడిగిన ముల్లంగి దుంపల పక్కన, ఒద్దికగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మొగుడు పోయాక ఈ ఇంట్లో పనికి చేరి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. కినుయే ఆమె ఎదురుగా చాప మీద కూర్చోబోయి, మోకాలు ససేమిరా అనడంతో గడప మీద చతికిలబడింది.

నిన్న ఏం చేసిందో చియో వరసగా చెప్పింది. వచ్చిన నలుగురి బూట్లూ ముందు గుమ్మంలో సర్దింది. వాళ్ళు తోటలోకి వెళ్ళాక వంటింట్లో చేపలామెతో మాట్లాడి పంపింది. తర్వాత తోట వైపు వరండాలోకి వెళితే, చెక్క మీద తడి కాలిగుర్తు కనిపించింది. గుడ్డ తెచ్చి తుడిచేసింది. గది తలుపులు మూసే ఉన్నాయి కాబట్టి లోపలికి తొంగి చూడలేదు.

"తుడిచేశారా?" సకాకిబారా కినుయే వెనక నుంచే అందుకున్నాడు. "గిన్నె పోయిన ఇంట్లో కాలిగుర్తు తుడిచేశారా?"

"గిన్నె పోయిందని నాకప్పుడు ఏం తెలుసండీ," అంది చియో. "అతిథులు వచ్చే వేళ. చెక్క మీద తడి మరక ఉంటే వాళ్ళ కంట పడదా? అమ్మగారికి ఎంత తలవంపులు."

సకాకిబారా చేతులు రెండూ గాల్లోకి విసిరి అవతలికి తిరిగాడు. కినుయేకి మాత్రం ఆమె మాట మీద రవ్వంత అనుమానం కూడా కలగలేదు. ఈ ఊళ్ళో ఏ ఆడమనిషైనా అదే చేస్తుంది. ఇంకో పావుగంటలో అతిథులు వస్తారనగా వరండాలో తడి కనిపిస్తే, ఎవరి కాలు, ఎందుకు పడింది అని ఆరా తీస్తూ నిలబడరు. తుడుస్తారు. తన ఇంట్లో అయితే తానూ అంతే చేసేది, ఇన్‌స్పెక్టర్ అయ్యుండి కూడా.

"ఆ గుర్తు ఎలా ఉందో చెప్పగలరా చియో గారూ?"

చియో నేల మీద చెయ్యి పెట్టి, బొటనవేలు ఒక పక్కకీ తక్కిన వేళ్ళు ఇంకో పక్కకీ విడదీసి చూపించింది. కిమోనో కట్టినప్పుడు వేసుకునే తెల్ల మేజోడు గుర్తు అది. మగవాళ్ళ పాదమంత పెద్దది. అమ్మగారిది మాత్రం కాదు, అమ్మగారి పాదం తన అరచేతిలో ఇమిడిపోతుంది అంది. నిన్న ఈ సంగతి ఎందుకు చెప్పలేదంటే, మరక సంగతి ఎవరూ అడగలేదు అంది.

బస్సులో వచ్చిన నలుగురూ మామూలు మేజోళ్ళ వాళ్ళు. కినుయే వాటిని నిన్న కళ్ళారా చూసింది.

"ఎంత బాగా కుదిరింది," అన్నాడు సకాకిబారా. "గుర్తు చూసింది ఆవిడే, తుడిచింది ఆవిడే, దాని ఆకారం చెబుతున్నదీ ఆవిడే. కావాలంటే ఆరో వేలు కూడా ఉందనగలదు."

చియో ఆయన వైపు చూడలేదు. కినుయేనే చూస్తూ మెల్లగా అడిగింది. "నన్ను తీసుకెళతారా? తీసుకెళ్ళేటట్టయితే యూనిఫాం వాళ్ళని పంపకండి. మీరే రండి. బజారుకి వెళుతున్నామని అమ్మగారితో చెబుతాను."

ఒక్కసారి స్టేషన్ గుమ్మం తొక్కితే, రేపు నిర్దోషి అని వదిలేసినా, ఈ ఊళ్ళో ఇంకెవరూ ఆమెను ఇంట్లోకి రానివ్వరు. అది చియోకి తెలుసు, తొమికో గారికి తెలుసు, తనకూ తెలుసు. తెలియంది ఈ ఒసాకా మనిషికే.

తోటలోకి వెళ్ళేందుకు కినుయే, సకాకిబారా గడ్డి చెప్పులు వేసుకున్నారు. నాచు మధ్యలో పరిచిన రాళ్ళ మీదుగా దారి టీ గదికి పోతుంది. సగం దూరంలో రెండుగా చీలుతుంది. ఒక చీలిక తిన్నగా టీ గదికి. రెండోది వెనక్కి మళ్ళి పెద్ద గది వరండాకి. రెండో దారిలో మొదటి రాతి మీద, నల్లటి తాడు అడ్డంగా నిలువుగా కట్టిన గుండ్రాయి ఒకటి పెట్టి ఉంది. అటు రావద్దని దాని అర్థం. గొళ్ళెం లేదు, కంచె లేదు. పిడికెడు రాయి, అంతే. అయినా దాన్ని దాటి ఎవరూ పోరు.

కినుయే పక్కకి ఒరిగి, ఒక మోకాలు నాచు మీద మోపకుండా నానా తంటాలు పడుతూ కిందికి వంగింది. రెండు వేళ్ళతో ముడి పట్టుకుని రాయి పైకెత్తింది. కింద ఎర్రటి మేపుల్ ఆకు ఒకటి అణిగి ఉంది.

"ఆకు," అంది.

"తోటలో ఆకు," అన్నాడు సకాకిబారా. "దీన్ని కోర్టులో పెడతారా?"

"నిన్న పొద్దున చియో ఈ దారంతా ఊడ్చింది. ఊడ్చాకే నీళ్ళు చల్లారు. నీళ్ళు చల్లాకే రాయి పెట్టారు. నిన్నటి నుంచి తోటలోకి ఎవర్నీ రానివ్వలేదు. మరి రాయి కిందికి ఆకు ఎలా వచ్చింది? ఎవరో రాయి తీసి పక్కన పెట్టారు. ఆ కాసేపట్లో ఆకు రాలింది. తిరిగొస్తూ దాని మీదే మళ్ళీ రాయి పెట్టి పోయారు."

"దొంగతనానికి పోయేవాడు రాయి తీసి పక్కన పెట్టడం ఎందుకు? దాటి పోతే సరిపోదూ?"

"మీరైతే దాటి పోతారు. వీడు దాటలేకపోయాడు. దొంగతనం చెయ్యగలిగాడు గానీ ఆ రాయిని దాటడానికి కాలు రాలేదు. అలవాటున్న మనిషి."

సకాకిబారా నోరు తెరిచేలోగా ఆయన జేబులో ఫోన్ మోగింది. పేరు చూసుకుని, ముఖం విప్పార్చుకుని, మాట్లాడుతూ ఇంటి వైపు వెళ్ళిపోయాడు. ఆయన లేకపోవడమే మేలనుకుంటూ కినుయే ఒంటరిగా టీ గదికి నడిచింది.

ఆ గదికి అతిథులు దూరే గుమ్మం ఎంత చిన్నదంటే, ఎంతటివాడైనా చేతులూ మోకాళ్ళూ ఆనించి పాక్కుంటూ పోవలసిందే. కినుయే తన మోకాళ్ళను పేరు పేరునా తిట్టుకుంటూ లోపలికి చేరింది. పెళ్ళికి ముందు వాళ్ళమ్మ ఆమెను బలవంతంగా టీ పాఠాలకి పంపింది. రెండేళ్ళు కాళ్ళు తిమ్మిరెక్కించుకుని ఒకరోజు పారిపోయింది. ఆ రెండేళ్ళూ పూర్తిగా దండగ కాలేదని ఇవాళ మొదటిసారి అనిపించింది.

గదిలో నిన్నటి వస్తువులు నిన్నటిలాగే ఉన్నాయి. నేలలో దించిన పొయ్యిలో బూడిద, దాని మీద ఇనప కెటిల్. చన్నీళ్ళ జాడీ మూత తీసి చూస్తే అడుగున ఉద్ధరిణెడు నీళ్ళున్నాయి. కెటిల్ మాత్రం అంచుదాకా నిండుగా ఉంది. ఆమె పక్కనున్న చిన్న సామాను గదిలోకి వెళ్ళింది. కడగడానికి పెట్టిన మిఠాయి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. నాలుగు ఉండాలి. ఐదు ఉన్నాయి.

టీ కలిపే మనిషి అతిథులతో కూర్చుని మిఠాయి తినదు. కినుయే పళ్ళేలను ఇంకోసారి లెక్కపెట్టి ఫోన్ తీసింది.

బస్సులో వచ్చిన నలుగురిలో దోయి గారు అని ఒసాకా ఆవిడ ఉంది. నిన్న వాంగ్మూలం ఇస్తూ, ఇంత పేరున్న ఇంట్లో టీ గోరువెచ్చగా ఇచ్చారని రెండుసార్లు ఫిర్యాదు చేసింది. గిన్నె పోయినదాని కన్నా ఆవిడకి అదే పెద్ద నేరంలా కనబడింది.

"మళ్ళీ మీరేనా తల్లీ," అంది దోయి గారు అవతల నుంచి రొప్పుతూ. "సముద్రం ఒడ్డున గుడికొచ్చాం. ఈ మెట్లు కట్టినవాడెవడో గానీ వాడికి అత్తగారు లేదు. ఉంటే ఇన్ని కట్టేవాడు కాదు."

కినుయే నవ్వాపుకుని, టీ గదిలో మీతోపాటు ఇంకెవరైనా కూర్చున్నారా అని అడిగింది.

"ఆ ఇంటాయన ఉన్నాడుగా. కిమోనో పెద్దాయన. మేం ఒక్కొక్కరం లోపలికి పాకుతుంటే మా చెప్పులన్నీ ఏరి గోడకి ఆనించి పెట్టాడు పాపం. ఆ తర్వాత చాలాసేపటికి వచ్చి చివర కూర్చున్నాడు. అందాకా మేం బొమ్మల్లా బిగుసుకుని కూర్చున్నాం. అదీ పద్ధతేమో అనుకున్నాం."

"ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు దోయి గారూ?"

"మీ కానిస్టేబుల్ అడిగింది, మీ బస్సు వాళ్ళెవరైనా మధ్యలో లేచి వెళ్ళారా అని. మావాళ్ళెవరూ కదల్లేదన్నాను. నిజమే కదా. ఇంటాయన తన ఇంట్లో ఎక్కడ తిరిగితే మాకేం?"

నగుమో వారింట్లో మగదిక్కు పోయి తొమ్మిదేళ్ళయింది. ఇంటాయన అనే మనిషే లేడు.

కినుయే ఫోన్ పెట్టేసి చల్లారిన పొయ్యి ముందు కూర్చుండిపోయింది. ఎలా జరిగిందో ఇప్పుడు అరచేతిలో పెట్టినట్టు కనబడింది. పద్ధతి తెలియని నలుగురు అతిథులు వస్తున్నప్పుడు, తెలిసిన మనిషి ఒకరిని చివరి అతిథిగా ఉండమని అడగడం మామూలే. అందరి చెప్పులూ సర్దడం ఆ చివరివాడి పని, అందరి తర్వాత లోపలికి వచ్చి తలుపు చప్పుడయ్యేలా మూయడం కూడా వాడి పనే. సామాను గదిలో కాచుకుని ఉండే యజమానురాలికి ఆ చప్పుడే కబురు. అది వినబడేదాకా ఆమె కదలదు, తొంగి చూడదు. బస్సు వాళ్ళేమో అతన్ని ఇంటివాడనుకున్నారు. ఇంటావిడ అతిథి అనుకుంది. పోలీసులు రెండు పక్కలా అడిగారు గానీ ఆ మధ్యనున్న మనిషి ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంక అతని పేరొక్కటే కావాలి. ఆ పేరు తెలిసినావిడ నిన్నటి నుంచి నోరు విప్పడం లేదు.

కబురు పంపితే తొమికో గారు తన వైపు గుమ్మం నుంచి టీ గదిలోకి వచ్చి కూర్చుంది. ఎనభైకి దగ్గరపడిన సన్నటి మనిషి. నడుం మాత్రం ఇంకా వంగలేదు. అదే సమయానికి అతిథుల గుమ్మంలోంచి సకాకిబారా పాక్కుంటూ వచ్చి, పై చట్రానికి నుదురు ఠపీమని కొట్టుకుని, ఏమీ జరగనట్టు ఒక మూల సర్దుకున్నాడు. మనిషి మహా హుషారుగా ఉన్నాడు.

నిన్న అంతా సవ్యంగా జరిగిందా అని కినుయే అడిగితే జరిగిందంది తొమికో గారు. అతిథుల్లో ఎవరి తీరైనా తేడాగా అనిపించిందా అంటే, తన అతిథులు అందరూ మర్యాదస్తులేనంది. నిన్న చెప్పిన మాటలే, నిన్నటి గొంతుతోనే. ఆ దారిలో ఇక లాభం లేదని కినుయేకి అర్థమైంది.

"అతిథుల సంగతి వదిలేద్దాం పెద్దమ్మగారూ," అంది. "నీళ్ళ సంగతి చెప్పండి. నిన్న కెటిల్లో నీళ్ళు మరీ మరిగిపోయాయా?"

తొమికో గారి చెవులు నెమ్మదిగా ఎర్రబడ్డాయి. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. జాడీలో నీళ్ళు లేవు, కెటిల్ నిండుగా ఉంది. టీ గోరువెచ్చగా ఉందని ఒకావిడ బాధపడింది."

"ఆవిడ బాధపడ్డంలో తప్పు లేదు," అంది ముసలామె. తన చేతి తప్పు కాబట్టి ఆ ఒక్కటి చెప్పుకోవచ్చనుకుందో ఏమో, మొదలుపెట్టింది. అతిథులు కూర్చునే వేళకి నీళ్ళు సరిగ్గా ఉండేలా బొగ్గు పేర్చడం తనకి వెన్నతో పెట్టిన విద్య. కెటిల్ మొదట చీమలు కదిలినట్టు, తర్వాత పైన్ చెట్లలో గాలి వీచినట్టు పలుకుతుంది. ఆ గాలి చప్పుడప్పుడే టీ కలపాలి. నిన్న ఆ చప్పుడు వచ్చింది, దాటిపోయింది, నీళ్ళు తెర్లిపోయాయి. తను మాత్రం సామాను గదిలోనే కూర్చుని ఉండాల్సి వచ్చింది. లోపలికి వచ్చాక కంగారులో చన్నీళ్ళు ఎక్కువ పోసేసింది. "నా భర్త బతికుంటే నాతో రెండు రోజులు మాట్లాడేవాడు కాదు."

"ఎందుకు కూర్చుని ఉన్నారు?"

"తలుపు చప్పుడు కాలేదు," అంది తొమికో గారు. అన్నాక తన మాట తనకే వినబడినట్టు పెదవులు బిగించింది.

సకాకిబారా కూడా హుషారు మాని వింటున్నాడు. మిఠాయి పళ్ళేలు ఐదున్నాయని కినుయే చెప్పింది. ఆ ఐదోవాడు కిమోనో కట్టుకుని, తెల్ల మేజోళ్ళు వేసుకుని వచ్చాడని, నలుగురూ లోపలికి వెళ్ళాక రాయి తీసి పెద్ద గదికి వెళ్ళాడని, గిన్నె కిమోనో మడతల్లో దోపుకుని వచ్చి ఇదే గదిలో మీ చేతి టీ తాగాడని చెప్పింది. రాత్రంతా మీరు కూడా ఇదే అనుకుని ఉంటారు అంది.

తొమికో గారు కాదనలేదు. "నా గదిలో కూర్చుని టీ తాగిన మనిషిని నా నోటితో పట్టివ్వమంటావా అమ్మా? మా అత్తగారి కాలం నుంచి ఈ గుమ్మంలోకి వచ్చినవాళ్ళ గురించి మేము బయట మాట్లాడి ఎరగం."

"చియో ఈ గుమ్మంలోంచి ఎప్పుడూ రాలేదు. అందుకే ఆమె తరఫున మాట్లాడేవాళ్ళు లేరు," అంది కినుయే. ఆమెకు కోపం వచ్చింది, దాచుకోలేదు. "వరండాలో ఆ దొంగ కాలిగుర్తు పడితే ఆమె తుడిచింది. ఎందుకో తెలుసా? అతిథులు చూస్తే మీకు తలవంపులని. సాక్ష్యం మాయం చేసిందని ఇవాళ సాయంత్రం ఆమెను అరెస్టు చెయ్యమంటున్నారు. నేనే చెయ్యాలి. మీకు తెలియకూడదని బజారుకి వెళుతున్నట్టు చెబుతానంది."

ముసలామె తల వంచుకుంది. ఏడుస్తుందేమోనని కినుయే అనుకుంది గానీ ఆమె ఏడవలేదు. కెటిల్ మూత కొంచెం పక్కకి జరిగి ఉంటే సరిగ్గా పెట్టింది.

"మొతోహిరో," అంది. "కుగా మొతోహిరో. మా ఆయన దగ్గర చిన్నప్పటి నుంచి టీ నేర్చుకున్నాడు. పద్ధతి తెలియనివాళ్ళు వస్తున్నారు, చివర కూర్చోమని నిన్న పొద్దున నేనే ఫోన్ చేశాను. తోట వెనక గేటులోంచి వచ్చాడు, కోటలో పనుందని అటే వెళ్ళిపోయాడు. ఆ గిన్నె కోట దొరలది, కోటలోనే ఉండాలని ఏటా అడుగుతాడు. ఏటా నేను కాదంటాను." మళ్ళీ అంది. "చిన్నప్పుడు మా ఇంట్లోనే అన్నం తినేవాడు."

కినుయే సకాకిబారా వైపు తిరిగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్న ఇక్కడికి వచ్చానని కుగా గారు మీతో చెప్పారా?"

"లేదు," అన్నాడు సకాకిబారా. "ఇందాక తోటలో వచ్చిన ఫోన్ ఆయనదే. విచారణ ఎంతవరకు వచ్చిందని అడిగారు. చియో చెప్పిన కాలిగుర్తు సంగతి చెప్పాను. బొటనవేలు సంగతి కూడా. నవ్వుకోవడానికి చెప్పాను."

"చెబితే?"

"చియో తనకి చాలా ఏళ్ళుగా తెలుసన్నారు. మెత్తగా మాట్లాడితే తన దగ్గర నిజం చెప్పేస్తుందన్నారు. వెనక గేటు దగ్గరికి కారు తెచ్చారు. అరెస్టు కాలేదు కదా, వెళ్ళొచ్చు కదా అని నేనే ఆమెని ఎక్కించాను. ఆమె కూడా సంతోషంగానే వెళ్ళింది, కుగా గారైతే అమ్మగారి మనిషేనని."

"ఎక్కడికి?"

"కోటకి. భయపడకండి, నలుగురు తిరిగే చోటే కదా. పైఅంతస్తు దాకా ఎక్కి ఊరంతా చూస్తే ఆమె మనసు కుదుటపడుతుందన్నారు."

కోట లోపలి మెట్లు కినుయేకి తెలుసు. నిచ్చెనలా నిలువుగా ఉంటాయి, అరిగి నున్నబడి ఉంటాయి. అరవైకి దగ్గరపడిన ఆడమనిషి మేజోళ్ళతో వాటి మీద జారిపడితే ఎవరికీ ఏ అనుమానమూ రాదు. దొంగతనం బయటపడుతుందన్న భయంతో మతి చెడి పడిందని కూడా అనుకుంటారు. కాలిగుర్తు చూసిన ఒకే ఒక్క మనిషితో కేసు కూడా పోతుంది.

"సకాకిబారా గారూ," అంది, మోకాళ్ళ సంగతి మరిచిపోయి లేచి నిలబడుతూ. "ఇవాళ సోమవారం. సోమవారం కోట తెరవరు."

"మరి లోపలికి ఎలా..."

"తాళంచెవులు మొతోహిరో దగ్గరే ఉంటాయి," అంది తొమికో గారు.

సకాకిబారా చిన్న గుమ్మంలోంచి ముందుగా బయటికి పాకి, వెనకే వస్తున్న కినుయేకి చెయ్యి అందించాడు. ఇద్దరూ నాచు మీద అడ్డంగా పడి కారు దగ్గరికి పరుగెత్తారు.